అంబాసిడర్ ఇంజన్ మీద నాలుగు వేళ్ల చెయ్యి

పోయిన నెల మా ఇంటెనక షెడ్డుల దయ్యం దొరికింది. నవ్వకుండ్రి, నిజంగనే దొరికింది! పట్టపగలు, వాడకట్టోళ్లందరు చూస్తుండంగ దొరికింది. ఎట్ల దొరికిందో చెప్త గాని ఒక్క షరతు. ఈ ముచ్చట మా కాలేజీ దాంక పోవద్దు. పాలిటెక్నిక్‌ల మెకానికల్ పిల్లలకు పాఠాలు చెప్పుకొని బతికెటోన్ని, నా ఇజ్జత్ మీ చేతుల ఉన్నది. చాయ్ సల్లారకముందే తాగుకుంట ఇనుండ్రి.

మా నాయిన అంబాసిడర్ మీకెరుకే కదా. తెల్లది. నల్లగొండల ఒకప్పుడు పెండ్లి కుదిరిందంటె ముందుగాల ఆ బండినే కిరాయికి మాట్లాడుకునేటోళ్లు. నాయిన పేరుకే ఓనరు. బండికి అసలు మొగుడు నర్సింహ మామ, డ్రైవరు. మాకు చుట్టమేం గాదు, చిన్నప్పటి సంది మామా అని పిలిచిన, గంతే. ఆయన బండి కడుగుతుంటె చూడాలె, పసిపిల్లకు నీళ్లు పోసినట్టె పోస్తుండె. కాని ఇంజన్ మూత లేపిండంటె మాత్రం ఎవర్నీ దగ్గరికి రానియ్యడు. నాయిన్ను గూడ!

ఒకపారి కొల్లాపూర్ దిక్కు పెండ్లికి పొయ్యి వస్తుంటె తొవ్వల ఇంజన్ వేడెక్కిందట. మామ మూత లేపి చెయ్యి పెట్టిండు. ఫ్యాను బెల్టు ఉంగరం వేలును తీస్కపోయింది. దవాఖానల కట్టు కట్టించుకొని మల్ల ఆయననే బండి నడుపుకుంట ఇల్లు చేరిండు. ఆ దినం సంది ఒకటే మాట అంటుండె. "వేలు ఇచ్చి కొనుక్కున్న ఇంజన్ ఇది. నేను సచ్చినంక గూడ దీని మీద ఇంకోడు చెయ్యి వెడితె ఊకోను." అప్పుడు అందరం నవ్వెటోళ్లం. ఆ నవ్వు నాకు మొన్న షెడ్డుల యాదికొచ్చింది, అంతకన్న చెడ్డ టైముల ఏ నవ్వూ యాదికి రాదు.

నర్సింహ మామ పొయ్యి శాన దినాలైంది. ఆ తర్వాత నాయిన గూడ పోయిండు. బండి షెడ్డుల టైర్లల్ల గాలి దిగి, సీట్లల్ల ఎలుకలు పిల్లల్ని పెట్టి, అట్లనే కూలవడి ఉండె. నేను పట్టించుకోలె. నిరుడు ఎండకాలంల ఎల్లమ్మ అత్త వచ్చింది. నర్సింహ మామ భార్య. కట్టంగూర్ల బిడ్డ కాడ ఉంటది. చాయ్ తాగి, లేశి, సక్కగ షెడ్డులకు నడిచింది. బానెట్ మీది దుమ్మును కొంగుతోని తుడిచింది.

"ఎవలెవల్నో దీంట్ల తిప్పిండు కొడుకా. పెండ్లి పిల్లల్ని, పిలగాండ్లను, లీడర్లను. నన్ను ఒక్కనాడు ముందర సీట్ల కూసుండవెట్టలె. కిరాయి బండి, మనది గాదు అనేటోడు. ఇది మల్ల లేస్తదా?"

"లేస్తది అత్తా" అన్న. "లేపి, ముందర సీట్ల నిన్నే కూసుండవెట్టి తిప్పుత."

నోరు జారిన అనుకున్నరా? జారలె. మనసుల నుంచే అన్న. ఆమె మొఖం చూస్తె మీరు గూడ అంటుండె. సుజాత, అదే మా ఇంటామె, వంటింట్ల నుంచి ఇన్నది. "మొన్న మిక్సీ బాగ చేస్తనని ఇప్పినవు. అది ఇంక సంచిలనే ఉన్నది" అన్నది. నారాయణపేట పిల్ల, మగ్గాల ఇంట్ల పుట్టింది, ఒక దారం తెగితె ఏడ తెగిందో కండ్లు మూసుకొని చెప్తది. నా పనుల మీద మాత్రం నమ్మకం లేదు.

సరే, ఈ ఎండకాలం సెలవులల్ల పని షురూ చేసిన. మెకానిక్‌ను పిలిచి ఇంజన్‌ను బండిల నుంచి కిందికి దించిన. పార్టు పార్టు ఊడదీసిన. కిరసనాయిల్ల నానబెట్టుడు, వైరు బ్రష్షుతోని రుద్దుడు, ఆరబెట్టుడు. సుజాత వడియాలు పెట్టె తాంబాలంల పిస్టన్లు ఎండబెట్టిన. దానికి తిట్లు తిన్న. గ్రైండరుకు తగిలిచ్చిన వైరు బ్రష్ వేలును గీకింది. దానికి గూడ తిట్టుకుంటనే సుజాత పసుపు అద్ది కట్టు కట్టింది, మొక్కజొన్న కంకంత లావు. అయినా నేను ఆగలె. తుప్పు పోతున్నకొద్ది లోపటి ఇనుము మెరుస్తుంటె, ఆ ఖుషీ ఏందో చేసినోనికే ఎరుక.

అన్నిట్ల పెద్దది ఇంజన్ బ్లాకు. నడుము ఇరిగె బరువు. దాన్ని బైపాస్ కాడి వర్క్‌షాపుకు తీస్కపొయ్యి బ్లాస్టింగ్ చేపిచ్చిన. అంటె ఇసుకను జోరుగ గాలితోని కొడ్తరు, తుప్పు, పాత రంగు, మసి, అన్నీ ఎగిరిపోతయి. ఇంటికి వచ్చినప్పుడు బ్లాకు బూడిద రంగుల మెత్తగ, కొత్తగ ఉన్నది. ఫోన్ల వీడియోలు పెట్టెటాయన ఒకటికి పదిసార్లు చెప్పిండు, ఉత్త ఇనుమును ఉత్త చేతులతోని ముట్టొద్దు, గ్లౌజులు ఏసుకోవాలె, ఆ పూటనే ప్రైమర్ కొట్టాలె అని. నేను గ్లౌజులు కొన్న. కాని వేడికి తట్టుకునె రంగు హైదరాబాద్ నుంచి రావాలె, అది రాలె. ఒకట్రెండు దినాలల్ల ఏమైతది తియ్, అనుకున్న.

ఆ పొద్దు ఆకాశం మబ్బు పట్టింది. ఉక్కపోత ఎట్లుండెనంటె అంగీ పిండితె బకిట నిండుతుండె. చినుకులు పడ్తయేమోనని బ్లాకును చక్రాల స్టాండు మీద వాకిట్ల నుంచి షెడ్డులకు నెట్టిన. తాళం ఏసిన. తాళంచెవి నా జేబులనే ఉన్నది. ఇది యాదిల పెట్టుకోండ్రి.

తెల్లారి పొద్దుగాల షెడ్డు తెరిచిన. లోపట ఇంకా మసక మసకనే ఉన్నది, రేకుల సందుల నుంచి ఒక్క ఎలుగు పట్టె బ్లాకు మీద పడ్డది. ఆ ఎలుగుల చెయ్యి.

చెయ్యి అంటె నిజం చెయ్యి గాదు, అచ్చు. ఎర్రటి మట్టి రంగుల అరచెయ్యి అచ్చు, బ్లాకు పక్కన, సక్కగ అద్దినట్టు. బొటనవేలు ఉన్నది. చూపుడు వేలు ఉన్నది. నడిమి వేలు ఉన్నది. చిటికెన వేలు ఉన్నది. ఉంగరం వేలు ఉండాల్సిన కాడ ఉత్త ఇనుము.

 అరచేతి గీతలు గూడ కనవడ్తున్నయి. నిన్న సందేల అది లేదు, కాళ్లు కడుక్కుంట గూడ ఒకపారి తలుపుల నుంచి చూసిన, బ్లాకు సాఫ్‌గ ఉండె. బయట నుంచి ఎవరో పెట్టినట్టు లేదు. ఇనుము లోపటి నుంచే ఎవరో చెయ్యి ఆనిచ్చి నెట్టినట్టు ఉన్నది. నర్సింహ మామ మాట చెవుల పడ్డట్టయింది. ఊకోను.

ఛీ, ఏంది, నేను సైన్సు చదివినోన్ని అనుకున్న. ఎమరీ కాగితం తీసి గీకిన, థిన్నరుతోని తుడిచిన. అచ్చు పోయింది. బ్లాకును అటు తిప్పి ఇటు తిప్పి అంతా చూసిన, ఏం లేదు. సుజాతకు చెప్పలె. చెప్పకపోవుడు ధైర్యంతోని గాదు, చెప్తె బయటికొస్తదని భయం.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. మిట్టమధ్యాహ్నం, బజార్ల కుక్క గూడ తిరుగుతలేదు. నేను షెడ్డుల వాల్వులు తుడుసుకుంట కూసున్న. నెత్తి మీద రేకుల నుంచి టిక్కు, టిక్కు అని సప్పుడు. ఎండకు రేకులు సాగితె అట్లనే అయితది, నాకెరుకే. అయినా ఆ సప్పుడు ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిచి, సక్కగ బ్లాకు మీదికొచ్చి ఆగింది. అప్పుడు వాసన వచ్చింది.

బీడీ వాసన. నర్సింహ మామ కాల్చె మోటు బీడీల వాసన. మా ఇంట్ల ఎవరూ కాల్చరు. నేను కాల్చ. తలుపు దగ్గరికేసి ఉన్నది. ఆ వాసన వెనక గోడ దిక్కు నుంచి పొగ లెక్క వచ్చి నా మొఖం చుట్టు తిరిగి పోయింది. చేతుల ఉన్న వాల్వు కింద పడ్డది. "మామా" అన్న. అనాలని అనలె, నోరే అన్నది. ఎవరూ పలుకలె. టిక్కు, అని ఇంకొక్క సప్పుడు, గంతే.

నేను ఉరికిన అని ఎవరన్న చెప్తె నమ్మకుండ్రి. జర జల్ది నడిచిన.

ఆ తెల్లారి ఏమైంది? మల్ల చెయ్యి! కాని ఈసారి పాత జాగల లేదు. బ్లాకు అవతలి దిక్కు, ఇంకింత పైకి. వేళ్లు పైకి చూపెట్టుకుంట. అంటె, అది ఎక్కుతున్నది. మల్ల నాలుగు వేళ్లే.

ఇగ దాచలేక సుజాతను పిలిచిన. ఆమె వచ్చింది, చూసింది, అరవలె. అరిస్తె నాకు జర ధైర్యం వస్తుండె. కొంగు నోట్ల కుక్కుకొని చిన్నగ అడిగింది.

"ఎవలన్న ముట్టిన్రా?"

"తాళం ఏసి ఉండె. తాళంచెవి నా కాడనే."

"నువ్వు ముట్టినవా?"

"నేనా? గ్లౌజులు లేకుంట నేనేడ ముడ్త? గ్లౌజులు ఏసుకొనే పని చేస్తున్న!"

"మరి గా వేలు?"

నర్సింహ మామ వేలు సంగతి ఆమెకు గూడ ఎరుకే. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. అప్పుడే గోడ మీద నుంచి ఒక తలకాయ లేశింది. నేను అరిచిన. అది మా పక్కింటి కండక్టర్ సారు. రిటైరైనంక ఆయనకు పని లేదు, మా గోడనే ఆయన బస్సు.

"ఏమైంది సార్? నిన్న మధ్యాహ్నం 'మామా' అని పిలుస్తుంటివి?" అన్నడు.

చెప్పిన. బీడీ వాసన ముచ్చట గూడ చెప్పిన. బీడీ అనంగనే సారు మొఖం మారింది. గబగబ తలూపిండు. "అవు సార్! నాకు గూడ వచ్చింది ఆ వాసన! అచ్చం నర్సింహ బీడీ వాసననే! దినాం వస్తున్నది. మీరు భయపడ్తరని చెప్పలె." ఆయన తలూపిన తీరు చూసి ఇగ నాకు అనుమానమే లేకుండ పోయింది. ఒక్కనికి వస్తె భ్రమ అంటరు, ఇద్దరికి వస్తె?

ఏం చెయ్యాల్నో గూడ ఆయననే చెప్పిండు. దిష్టి తీసుడు. నిమ్మకాయలు, ఉప్పు, పసుపు నీళ్లు. ఉప్పు తిప్పి మీదనే చల్లాలె, నిమ్మకాయలు కోసి పిండాలె, పసుపు నీళ్లు కుమ్మరియ్యాలె. సుజాత అన్నీ పద్ధతిగ చేసింది. ఆ బూడిద రంగు ఇనుము మీద ఉప్పు చల్లింది, నిమ్మకాయ పిండింది, చెంబెడు నీళ్లు పోసింది. తాంబాలం పట్టుకున్నది ఎవరు? మెకానికల్ లెక్చరర్. మంచిగ తడవాలె అని బ్లాకును అటిటు తిప్పింది ఎవరు? ఆయననే. దండం గూడ పెట్టిన.

ఆ తెల్లారి షెడ్డు తెరిచిన. బ్లాకంత ఎర్రగ. పై నుంచి కింది దాంక ఎర్రటి చారలు కారి, స్టాండు మీద నుంచి బండల మీద చుక్క చుక్క పడి గడ్డకట్టింది. సిలిండర్ల బొందలు కండ్ల లెక్క, వాటి కింద నుంచి ఏడ్చినట్టు ధారలు. ఒక్క పక్క మొఖం కనవడ్డది, ఇంకో పక్క జడలు ఇరబోసుకున్నట్టు కనవడ్డది. వాటన్నిటి నడుమ ఆ చెయ్యి. కొత్తది. అన్నిటికన్న నల్లగ, కొట్టొచ్చినట్టు. దిష్టి తీస్తె దానికి ఇంక కోపమొచ్చినట్టున్నది.

సుజాత ఇంట్లకు పొయ్యి బ్యాగు తెచ్చి అరుగు మీద పెట్టింది. "పాత ఇనుప సామాను కొనెటోనికి ఫోన్ చేసిన. ఐతారం వస్తడు. ఇంజన్ పోతదా, నేను నారాయణపేట పోవాల్నా, నువ్వే చెప్పు."

నేను ఏం చెప్పాలె? దయ్యమంటె నాకూ భయమే, లేదని అబద్ధమెందుకు. కాని అంతకన్న పెద్ద బాధ ఇంకోటున్నది. ఆ ఇంజన్ పోతె బండి లేవదు. ఇంకో ఇంజన్ ఏడ దొరుకుతది? ఎల్లమ్మ అత్తకు మాట ఇచ్చిన. ఆమె కొంగుతోని బానెట్ తుడిచింది నా కండ్ల ముందరనే ఉన్నది. ఏ మొఖం పెట్టుకొని, నీ మొగడే రానిస్తలేడు అత్తా, అని చెప్పాలె? ఆ రెండు దినాలు అన్నం సక్కగ తినలె.

చెప్పాల్సిన అక్కెర లేకుండ పోయింది. కండక్టర్ సారు టికెట్ కొట్టకుండనే ముచ్చటను కట్టంగూర్ దాంక చేర్పిచ్చిండు. ఐతారం పొద్దుగాల మొదటి బస్సుకే అత్త దిగింది. వెనకనే వాడకట్టోళ్లు. ఇనుప సామానాయన గూడ తన ఆటో ట్రాలీతోని వచ్చి గేటు కాడ నిలవడ్డడు.

అత్త సక్కగ షెడ్డులకు పోయింది. మేమంత తలుపు కాడనే ఆగినం. ఆమె బ్లాకు చుట్టు తిరిగింది. చెయ్యి అచ్చు కాడ ఆగింది. శానసేపు చూసింది. ఆ తర్వాత తన అరచెయ్యిని దాని మీద ఆనిచ్చింది.

 రేకుల సప్పుడు గూడ ఆగింది. 

"వచ్చినవా?" అన్నది అత్త. చిన్నగ, ఇంట్ల మనిషిని అడిగినట్టు. "ఇంటికి రానీకి తీరలేదు గాని బండి కాడికి రానీకి తీరిందా? బతికినన్నొద్దులు గిదే. బిడ్డకు జెరమొస్తె బండి, పండుగొస్తె బండి. నేను పొయ్యి కాడ బువ్వ పెట్టుకొని చూసుడు, నువ్వు కొల్లాపూర్ల పెండ్లి బువ్వ తినుడు. ఒక్కనాడన్న ముందర సీట్ల కూసో అన్నవా? వేలు దానికిచ్చినవు, నాకేమిచ్చినవు?"

గట్ల తిట్టింది, తిట్టింది. ఏడ్చింది. మల్ల తిట్టింది. సుజాత గూడ కండ్లు తుడుసుకున్నది.  నిజం చెప్తున్న, ఆ క్షణంల ఆ ఇనుము ఇంటున్నదనే అనిపిచ్చింది నాకు.

అత్త బయటికొచ్చి అరుగు మీద కూసున్నది. కండక్టర్ సారు ముందరికొచ్చిండు. "ఇంజన్ పోయేముందు ఆయన నిమ్మళంగ పోవాలె. ఇంటి యజమాని పసుపుల చెయ్యి ముంచి షెడ్డు తలుపు మీద అద్దాలె. అప్పుడు మల్ల రాడు" అన్నడు. మనకు శుభకార్యమైతె తలుపులకు పసుపు చేతులు అద్దుడు ఉన్నదే కదా. ఎవరూ కాదనలె. సుజాత పళ్లెంల పసుపు కలుపుకొచ్చింది.

నేను చెయ్యి ముంచిన. తలుపు నీలం రంగు రేకు. కండ్లు మూసుకొని, మనసుల మామకు దండం పెట్టి, గట్టిగ అద్దిన. చెయ్యి తీసిన.

 మంచిగ జరిగిందనుకొని కండ్లు తెరిచిన. అందరు తలుపు దిక్కు చూస్తున్నరు. ఆ తర్వాత అందరు లోపట బ్లాకు దిక్కు చూసిన్రు. మల్ల తలుపు దిక్కు. నేను గూడ చూసిన.

నీలం తలుపు మీద పచ్చటి చెయ్యి. బొటనవేలు ఉన్నది. చూపుడు వేలు ఉన్నది. నడిమి వేలు ఉన్నది. చిటికెన వేలు ఉన్నది. ఉంగరం వేలు జాగల ఉత్త రేకు.

నా చెయ్యి లేపి చూసుకున్న. మొక్కజొన్న కంకంత కట్టు. ఆ కట్టుతోని ఉంగరం వేలు వంగి, ఎత్తుగ, దేనికీ ఆనకుండ నిలవడి ఉన్నది.

సుజాత పళ్లెం కింద పెట్టింది. నా మణికట్టు పట్టుకున్నది, దొంగను పట్టుకున్నట్టె. షెడ్డులకు గుంజుకపోయింది. నా చేతిని ఆ నల్లటి అచ్చు మీద ఆనిచ్చింది. కొలత పెట్టి కుట్టిన అంగీ లెక్క సరిపోయింది.

"దొరికింది దయ్యం" అన్నది.

ఒక్కపారి నవ్వులు లేశినయి, రేకులు ఎగిరిపోతయేమో అనుకున్న. ఇనుప సామానాయన గేటు పట్టుకొని నవ్వుతున్నడు.

"గ్లౌజులు ఏసుకున్న అంటివి గదయ్యా!" అన్నది సుజాత, నా చెయ్యి ఇడువకుంట.

"ఏసుకున్న... ఎడమ చేతికి. కుడి చేతికి కట్టున్నది గద, గ్లౌజు ఎక్కలె."

"మరి ఆ చేత్తోని ముట్టలె అంటివి?"

"ముట్టలె. నెట్టిన, తిప్పిన. గంతే."

"ఉక్కపోతల, చెమట చేత్తోని."

"ఆ."

"నువ్వు కాలేజీల ఏం పాఠం చెప్తవు?"

నేను బండల దిక్కు చూసిన. ఆమె మల్ల అడిగింది. వాడకట్టంత ఇంటున్నది.

"ఇనుముకు తుప్పు ఎందుకు పడ్తది, పడకుంట ఏం చెయ్యాలె" అన్న, నాకే ఇనవడనంత చిన్నగ. చెమటల ఉప్పు ఉంటది, ఉత్త ఇనుముకు అది తగిలితె తెల్లారేసరికి అచ్చు లేస్తది అని పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పెటోన్ని నేనే. దాని మీద మల్ల ఉప్పు, నిమ్మకాయ పులుపు, నీళ్లు! తుప్పుకు ఇంతకన్న మంచి విందు ఎవరూ పెట్టలేరు. దండం పెట్టి మరీ వడ్డిచ్చిన.

"మరి బీడీ వాసన?" అని ఎవరో అడిగిన్రు. సుజాత షెడ్డు వెనక్కు పొయ్యి చూసింది. గోడకు అవతల, కండక్టర్ సారు ఇంటి దిక్కు, బీడీ ముక్కల కుప్ప. ఆయనతోని ఇంటామె బీడీలు మాన్పిచ్చింది, మా షెడ్డు వెనక నీడల చాటుగ కాలుస్తున్నడు. సారు ఊరి గుట్ట దిక్కు తిరిగి, మబ్బు పడ్తాంది, వానొస్తదేమో అన్నడు. ఆయన ఇంటామె మాత్రం మబ్బు దిక్కు చూడలె.

అందరు నవ్వుతున్నరు గాని నేను అత్త దిక్కు చూడలేకపోయిన. నా చెమట మరకను పట్టుకొని ఆమె ఏడ్చింది. అంతకన్న పాపం ఉంటదా? దగ్గరికి పొయ్యి కింద కూసున్న.

"అత్తా, మాఫ్ చెయ్యి. నాకు నిజంగ తెల్వదు."

ఆమె నా కట్టు వేలును పట్టుకొని చూసింది. "నాకు చూడంగనే ఎరుకాయె కొడుకా. ఆయనకు పోయింది ఎడమ చేతి వేలు. అది కుడి చెయ్యి."

నా నోరు తెరుచుకున్నది. "ఎరుకైనంక మరి గంతసేపు ఎందుకు తిట్టినవు?"

"ఎన్నేండ్ల సందో కడుపుల ఉండె, తిట్టిన. బతికున్నప్పుడు ఒక్కపారన్న గట్ల నోరు మూసుకొని ఇన్నడా? ఇది ఇన్నది." కొంగుతోని మొఖం తుడుసుకున్నది. "దాన్ని అమ్మకుండ్రి. ఆ చెయ్యిని గూడ తుడువకు. ఎవలిదైతేంది, నా మాట ఇన్న చెయ్యి."

సుజాత పొయ్యి బ్యాగును ఇంట్ల పెట్టింది. ఇనుప సామానాయనకు పాత మిక్సీ ఇచ్చి పంపింది.

ఆ తర్వాత బ్లాకునంత చేత్తోనే రుద్దిన, రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకొని. ప్రైమర్ కొట్టిన, రంగు కొట్టిన. ఆ చెయ్యి జాగ ఒక్కటి వదిలి, దాని మీద వేడికి ఆగె, లోపటిది కనవడె వార్నిష్ కొట్టిన. ఇంజన్‌ను మల్ల బండిల పెట్టినం. మొదటిసారి సెల్ఫు తిప్పితె దగ్గింది, రెండోసారి గుర్రుమన్నది, ఆ తర్వాత లేశింది. అత్త ముందర సీట్ల కూసున్నది, కొత్త నారాయణపేట చీర కట్టుకొని, సుజాత పెట్టింది. గుట్ట చుట్టు తిరిగి బైపాస్ దాంక పోయినం. దారి పొడుగున ఒకటే మాట. "మెల్లగ నడుపు. ఆయన గుంతలల్ల ఎయ్యకపోతుండె." మా ఇంటి గేటు కాడ దిగేటప్పుడు డ్యాష్‌బోర్డును ఒకపారి చేత్తోని నిమిరింది.  నేనే ఏడ్చిన.

ఇప్పుడు కథ ఏమయిందంటె, ఊర్ల ముచ్చట సగమే పాకింది. దయ్యం చెయ్యి ఉన్నదనేది పాకింది, ఎవరిదో అనేది పాకలె. దినాం ఎవరో ఒకరు వచ్చి, సార్, జర ఇంజన్ మూత లేపుతరా అని అడుగుతరు. కండక్టర్ సారు గోడ మీద నుంచి మొత్తం చెప్తడు, బీడీ వాసనతోని సహా. నిజం చెప్పొద్దని అత్త ఆర్డరు. నేను బానెట్ లేపి, పక్కన నిలవడి, అవునన్నట్టు తలూపుత. కుడి చెయ్యి మాత్రం జేబుల పెట్టుకుంట.

ఏందిరా, అందరు ఒక్కసారే నా చెయ్యి దిక్కు చూస్తున్నరు? కట్టు ఎప్పుడో ఇప్పిన, వేళ్లు ఐదున్నయి. అయినా కుడి చెయ్యి జేబుల దాచుడు అలవాటై, ముచ్చట షురూ చేసిన కాడి నుంచి చాయ్ గ్లాసును ఎడమ చేత్తోనే పట్టుకున్న కదా!